టీఎల్‌డీ వాడుతున్నారా? కిడ్నీల సంగతి ఇలా చూసుకోండి

కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 వచ్చింది, ల్యాబ్ వాళ్లు పక్కన నార్మల్ అని వేశారు, ఇంకేం టెన్షన్ లేదనుకుని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తాం. హెచ్ఐవీకి మందులు వాడేవాళ్లకి చిక్కు అక్కడే వస్తుంది, ఎందుకంటే ఆ 1.1 ఒక మనిషికి నిజంగానే నార్మల్, ఇంకో మనిషికి కిడ్నీ సగం పనే చేస్తోందని అర్థం. ఎవరికి ఏదో తేల్చుకోవడం పెద్ద విద్యేం కాదు, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. ఏం చూసుకోవాలి, ఎవర్ని ఏం అడగాలి, ఊళ్లో మందుల షాపులో ఏం చెప్పాలి, వరసగా రాస్తున్నాను.

ఒక్క షరతు. ఇది చదివి భయపడి మాత్రలు ఆపేయొద్దు. మందు లేకుండా వైరస్ పెరిగితే అదే కిడ్నీని పాడుచేస్తుంది. మందు మార్చాలా వద్దా అన్నది హెచ్ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్ డాక్టరు తేల్చాలి. వాళ్ల ముందు ఆ ప్రశ్న పెట్టడం మన పని.

ముందు డబ్బా మీద పేరు చదవండి

ప్రభుత్వ సెంటర్లలో ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ కలిపిన ఒక్క మాత్ర. మంచి మందే, వైరస్‌ని బాగా అణిచి ఉంచుతుంది, రోజుకి ఒక్కటి వేసుకుంటే సరిపోతుంది. కిడ్నీ దగ్గర కన్నేసి ఉంచాల్సింది అందులోని టెనోఫోవిర్ మీద. రక్తం వడకట్టాక మంచి పదార్థాల్ని, అంటే చక్కెర, ఫాస్ఫేట్, చిన్న చిన్న ప్రొటీన్లు, మళ్లీ ఒంట్లోకి లాక్కునే సన్నటి గొట్టాలు కిడ్నీలో ఉంటాయి, ఈ మందు ఆ గొట్టాల కణాల్లో పేరుకుంటుంది. చాలామందికి ఏళ్ల తరబడి వాడినా ఏమీ కాదు. కొద్దిమందికి అవుతుంది.

ఆ కొద్దిమందిలో మీరు ఉండే అవకాశం ఎప్పుడు ఎక్కువంటే: వయసు 50 దాటితే, మనిషి సన్నగా బరువు తక్కువగా ఉంటే, షుగరో బీపీనో ఉంటే, కిడ్నీ ఇబ్బంది ముందే ఉంటే, నొప్పి మాత్రలు తరచూ వేసుకునే అలవాటుంటే. రెండో లైన్ మందుల్లో, అంటే మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవాటిలో, రిటోనవిర్ కలిసినవి, అంటే అటజనవిర్, లోపినవిర్ లాంటివి టెనోఫోవిర్‌తో కలిపి వాడుతుంటే కూడా. అటజనవిర్‌కి కిడ్నీలో రాళ్లు చేసే గుణం విడిగా ఉంది, నడుం పక్కన మెలిపెట్టే నొప్పి వస్తే ఆ మందు పేరు డాక్టరుకి గుర్తుచేయండి.

తర్వాత లెక్క కట్టండి

టెనోఫోవిర్ వాడేవాళ్లకి మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చేయించాలి. ఇప్పుడు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చేస్తున్నారు కాబట్టి, బస్సు టైమైపోతోందని సంచీలో వేసుకుని వచ్చేయడంలో రక్తపరీక్ష వెనక్కి పోతుంది. సెంటర్లో మీకిచ్చిన గ్రీన్ బుక్ తెరిచి చివరి క్రియాటినిన్ ఏ తేదీదో చూడండి. ఆరు నెలలు దాటితే కౌన్సిలర్‌ని మీరే అడగండి.

అంకె చేతికొచ్చాక ఈ లెక్క కట్టండి. 140 లోంచి మీ వయసు తీసేయండి. వచ్చినదాన్ని మీ బరువుతో, కిలోల్లో, గుణించండి. దాన్ని 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించండి. ఆడవాళ్లయితే వచ్చినదాన్ని మళ్లీ 0.85 తో గుణించండి. దీన్ని కాక్‌రాఫ్ట్ గాల్ట్ లెక్క అంటారు, వచ్చేది క్రియాటినిన్ క్లియరెన్స్.

గోదావరి లంకల్లో కూలికెళ్లే ఒక ఆవిడ అనుకోండి, 52 ఏళ్లు, 45 కిలోలు, క్రియాటినిన్ 1.1. 140 లో 52 తీస్తే 88. 88 ఇంటూ 45 అంటే 3960. కింద 72 ఇంటూ 1.1, అది 79.2. భాగిస్తే 50. ఆడమనిషి కాబట్టి 0.85 తో గుణిస్తే 42.5. అదే 1.1 ఉన్న 35 ఏళ్ల, 70 కిలోల కుర్రాడికి కట్టి చూడండి, దాదాపు 93 వస్తుంది. ఇద్దరి రిపోర్టులోనూ ఒకే అంకె, ఇద్దరి పక్కనా నార్మల్ అనే ఉంటుంది. క్రియాటినిన్ కండలోంచి వచ్చేది, కండ లేని మనిషిలో అది పుట్టేదే తక్కువ, అందుకే కిడ్నీ నెమ్మదించినా అంకె పెద్దగా కనపడదు.

క్లియరెన్స్ 50 కంటే కిందికి దిగితే మామూలుగా టెనోఫోవిర్ బదులు వేరే మందు చూస్తారు. కాబట్టి పై లెక్కలో ఆవిడ తర్వాతి నెల దాకా ఆగకూడదు, ఆ వారమే సెంటర్‌కి వెళ్లాలి. కొన్ని ల్యాబ్‌లు ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె వేసి ఇస్తాయి, అది వేరే సూత్రంతో కట్టింది, ఈ రెండూ అచ్చం ఒకటిగా రావు, గాభరా పడొద్దు. ఏ సూత్రమైనా ప్రతిసారీ అదే వాడుకుంటూ, తేదీ, బరువు, క్రియాటినిన్, క్లియరెన్స్ ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోండి. ఒక్క రిపోర్టు కంటే నాలుగు రిపోర్టుల వరస ఎక్కువ చెబుతుంది. 95, 88, 76, 64 అని దిగుతూ ఉంటే 50 వచ్చేదాకా ఎదురుచూడటంలో అర్థం లేదు.

రక్తం ఇచ్చే ముందు రోజు రాత్రి మాంసం దట్టంగా తినొద్దు, అది క్రియాటినిన్‌ని కాస్త పైకి లేపుతుంది. కనుమ మర్నాడు ఇచ్చిన రిపోర్టు చూసి గుండెలు బాదుకోవడం అనవసరం. జిమ్‌కెళ్లి క్రియేటిన్ పౌడర్ తాగేవాళ్లు ఆ సంగతి చెప్పాలి.

కొంచెం పెరిగితే అదంతా రోగం కాదు

పాత మందు నుంచి టీఎల్‌డీకి మారిన కొత్తలో, మొదటి నాలుగు వారాల్లో, క్రియాటినిన్ 0.1 నుంచి 0.2 దాకా పెరగడం మామూలు. డోలుటెగ్రావిర్ వల్ల క్రియాటినిన్ ఒంటేలులోకి వెళ్లే ఒక దారి మూసుకుంటుంది, అంతే, వడకట్టే పని తగ్గదు. ఆ పెరిగిన చోటే నిలబడిపోతుంది. సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, తక్కువగా ఉన్నవాళ్లకి ఇచ్చే సెప్ట్రాన్ మాత్ర కూడా ఇలాంటి పనే చేస్తుంది, దానితో పొటాషియం పెరిగే అవకాశం కూడా ఉంది.

మరి అసలు చెడిపోవడాన్ని ఎలా పోల్చుకోవాలి? అంకె నిలబడకుండా పెరుగుతూనే ఉంటే, లేదా ఒంటేలు పరీక్షలో తేడా ఉంటే అది మందు చేసే కనికట్టు కాదు. సందేహం తీరకపోతే సిస్టాటిన్ సీ అనే రక్తపరీక్ష ఉంది, డోలుటెగ్రావిర్ దాన్ని కదిలించదు. పెద్ద ల్యాబ్‌లలో చేస్తారు, కొంచెం ఖరీదు, అందరికీ అక్కర్లేదు.

ఒంటేలు పరీక్ష అడిగి చేయించుకోండి

నన్నడిగితే క్రియాటినిన్ కంటే దీన్నే జనం ఎక్కువ అశ్రద్ధ చేస్తారు, ఖర్చు చూస్తే ఇదే తక్కువ. మామూలు యూరిన్ పరీక్షలో రెండు గళ్లు చూడండి, ప్రొటీన్ లేదా అల్బుమిన్ అని ఒకటి, షుగర్ అని ఒకటి.

రక్తంలో షుగర్ మామూలుగా ఉండి, ఒంటేలులో షుగర్ రెండు ప్లస్సులు, మూడు ప్లస్సులు వస్తే అది టెనోఫోవిర్ ఆ గొట్టాల్ని తాకుతోందనడానికి బాగా తెలిసిన గుర్తు. చూసినవాళ్లు షుగర్ జబ్బు మొదలైందని మాత్ర రాసేసే ప్రమాదం ఉంది, కాబట్టి రక్తం షుగర్ కూడా అదే రోజు చూపించుకోండి. ఒక మినహాయింపు: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడే షుగర్ పేషెంట్లకి ఒంటేలులో షుగర్ ఎలాగూ వస్తుంది, ఆ మందు పనే అది.

ప్రొటీన్ కనిపిస్తే, అల్బుమిన్ ఎంత పోతోందో చెప్పే ఏసీఆర్ అనే పరీక్ష చేయించండి, పొద్దున్నే మొదటిసారి పోసిన ఒంటేలు ఇవ్వాలి. 30 లోపు ఉంటే మామూలు, 30 నుంచి 300 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి, 300 దాటితే కిడ్నీ డాక్టరుకి చూపించాలి. జ్వరం ఉన్నప్పుడు, ఒంటేలు మంట ఉన్నప్పుడు, నెలసరి రోజుల్లో ఇవ్వొద్దు, తప్పుగా వస్తుంది. ఒకసారి తేడా వచ్చినంత మాత్రాన దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు అని ముద్ర వేయరు, మూడు నెలలకి పైగా ఆ తేడా అలాగే ఉంటేనే ఆ పేరు. నురగ, కాళ్ల వాపు, రాత్రుళ్లు పదే పదే లేవడం లాంటివి కనిపిస్తే వెంటనే వెళ్లాలి, నిజమే. కాకపోతే అవి వచ్చేదాకా ఆగితే ఆలస్యం అయినట్టే, మొదట్లో ఈ జబ్బు ఏమీ తెలియనివ్వదు.

నొప్పి సూది దగ్గర ఆగండి

డెల్టాలో అసలు గండం ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నా. నాట్ల రోజుల్లో వంగి వంగి నడుం పోతుంది, కొబ్బరి దింపులు, చెరువుల్లో రొయ్యల పట్టుబడి, ఇటుక బట్టీ, ఏ పనైనా సాయంత్రానికి ఒళ్లు హూనం. ఊరి కూడలిలో ఒక ఆర్‌ఎంపీ ఉంటాడు, లేదా మందుల షాపు ఉంటుంది. "ఒళ్లు నొప్పులండీ" అంటే చాలు, డైక్లోఫెనాక్ సూది, లేకపోతే ఎసిక్లోఫెనాక్ మాత్రలు రెండు పొట్లం కట్టి ఇస్తారు. "ఆయ్, ఏం కాదండీ, వేసేసుకోండి." అప్పుడప్పుడు ఒకటంటే ఆరోగ్యవంతుడికి ఏమీ కాకపోవచ్చు. టెనోఫోవిర్ మీద ఉన్న మనిషికి ఈ రెండూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు, అందులోనూ రోహిణి కార్తె ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసిన రోజున.

ఇంకో ముడి ఉంది ఇందులో. టెనోఫోవిర్ వల్ల ఫాస్ఫేట్ ఒంటేలులో పోతుంటే ఎముకలు మెత్తబడతాయి. తొడలు, తుంటి, పక్కటెముకలు నొప్పి, పీట మీంచి లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం. అది చూసి అందరూ వాతం అంటారు. వాతానికి నొప్పి సూది. సూదితో కిడ్నీ ఇంకా దిగుతుంది, నొప్పి పోదు, మళ్లీ సూది. నెలల తరబడి ఇలా తిరిగే మనుషులుంటారు, ఫాస్ఫేట్ పరీక్ష ఒక్కటి చేయిస్తే తేలిపోయే సంగతి. ఏఆర్‌టీ వాడుతూ ఇలాంటి నొప్పులు వారాల తరబడి ఉంటే రక్తంలో ఫాస్ఫేట్, క్రియాటినిన్, ఒంటేలులో షుగర్, ఈ మూడూ చూడమని డాక్టర్‌ని అడగండి.

మరి షాపులో ఏం చెప్పాలి? ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, హెచ్ఐవీ మాట నోట్లోంచి రాదు, దానికి మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. అమలాపురం మనిషి కాకినాడ వెళ్లి, భీమవరం మనిషి ఏలూరు వెళ్లి మందులు తెచ్చుకునేది అందుకే కదా. చెప్పక్కర్లేదు కూడా. "నాకు కిడ్నీ మీద భారం పడే మందు నడుస్తోందండీ, డైక్లో, ఎసిక్లో, ఐబుప్రొఫెన్ ఏవీ వద్దన్నారు, పారాసెటమాల్ ఇవ్వండి" అనండి, చాలు. సూది వేయబోతుంటే పేరు అడగండి. ఆర్‌ఎంపీ ఏ మందు అని నిలదీస్తే టెనోఫోవిర్ అని చెప్పొచ్చు, హెపటైటిస్ బీకి కూడా అదే ఇస్తారు, ఆ పేరు విన్నంత మాత్రాన హెచ్ఐవీ అని ఎవరూ అనుకోనక్కర్లేదు. మీ రహస్యం మీ దగ్గరే ఉంటుంది, కిడ్నీ కూడా మిగులుతుంది.

అయితే ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర, ఆస్పత్రిలో చేరినప్పుడు మాత్రం పూర్తిగా చెప్పేయండి. అమికాసిన్ లాంటి సూదులు, సీటీ స్కాన్‌కి ఎక్కించే కాంట్రాస్ట్ మందు, ఇవన్నీ కిడ్నీ సంగతి తెలిసి ఇవ్వాల్సినవి. పసరు మందులు, భస్మాలు, రాళ్లు కరిగిస్తామనే పొడులు కిడ్నీ సరిగ్గా లేని మనిషి దగ్గరికి రానివ్వకూడదు, కొన్నిట్లో సీసం, పాదరసం లాంటివి దొరికాయి.

బీపీ, షుగర్, వాంతులు

బీపీ 130/80 లోపు ఉంచుకోవాలి. ఒంటేలులో ప్రొటీన్ పోతుంటే టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్ లాంటి మందులు కిడ్నీకి మేలు చేస్తాయి, మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూపించుకోవాలి. గర్భంతో ఉన్నవాళ్లకి ఇవి పనికిరావు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ దాన్ని రక్తంలో పెంచుతుంది, రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఆ డోసు రాసిన షుగర్ డాక్టరుకి మీరు టీఎల్‌డీ మీద ఉన్నారని తెలియకపోతే ఈ లెక్క ఎవరూ చూడరు. చుట్ట, సిగరెట్టు మానేయండి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టండి. రోజంతా ఏమీ నిలవకపోతే, ఒంటేలు తగ్గిపోతే, ఆస్పత్రికి వెళ్లండి, టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్ ఆ రెండు రోజులు ఆపాలా అని అడగండి.

కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్‌కి తాగే తెల్లటి మందు వాడేవాళ్లు టీఎల్‌డీని వాటికి రెండు గంటల ముందు వేసుకోవాలి, లేదా ఆరు గంటల తర్వాత. కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. కాల్షియం, ఐరన్ అయితే అన్నంతో పాటు టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు, గ్యాస్ మందుకి ఆ వెసులుబాటు లేదు.

కొబ్బరి నీళ్లు, ఉప్పు చేప

కిడ్నీ అనగానే అన్నీ మానేయమనే సలహాదారులు వీధికి నలుగురుంటారు. క్లియరెన్స్ బాగానే ఉండి, పొటాషియం మామూలుగా ఉంటే బొండం తాగండి, చక్రకేళి తినండి, ఎవరూ వద్దనరు. పొటాషియం పెరిగిందని రిపోర్టు వస్తే అప్పుడు కథ మారుతుంది. కొబ్బరి నీళ్లలో 100 మిల్లీలీటర్లకి దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, కోనసీమ బొండం పెద్దది, 400 మిల్లీలీటర్లుంటే ఒక్క బొండంలోనే గ్రాము పోతుంది లోపలికి. కిడ్నీ బాగా దిగిన మనిషికి చలవ చేస్తుందని రోజుకి రెండు బొండాలు తాగించే ప్రేమ గుండెని ఆపగలదు, అతిగా చెప్పడం లేదు. ఆ దశలో కూరగాయలు ఉడికించి నీళ్లు వంపేసి వండుకోవాలి, లో సోడియం ఉప్పు అని అమ్మేది కొనొద్దు, అందులో సోడియం బదులు వేసేది పొటాషియమే.

ఉప్పు మాత్రం మొదటి రోజు నుంచే తగ్గించాలి, రోజుకి 5 గ్రాములు, అంటే అన్నింటిలో కలిపి ఒక చెంచా. ఉప్పు చేప, ఆవకాయ, అప్పడం ఉన్న ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. పప్పుచారులోకి ఉప్పు చేప లేకపోతే ముద్ద దిగనివాళ్లు, నెలకో రోజు పెట్టుకోండి, ఆ రోజు పప్పుచారులో ఉప్పు వేయొద్దు. చేపలు, గుడ్లు మానేసి చిక్కిపోవడం మంచిది కాదు, ప్రొటీన్ ఎంత తినాలో మీ దశను బట్టి డాక్టరే చెప్పాలి.

అంకె దిగితే ఏం అడగాలి

పరీక్ష మళ్లీ చేసినా క్లియరెన్స్ 50 లోపే ఉంటే, టెనోఫోవిర్ బదులు అబాకవిర్ ఇవ్వడం మామూలు పద్ధతి, మిగతా రెండూ అలాగే ఉంటాయి, లామివుడిన్ డోసు అవసరాన్ని బట్టి తగ్గిస్తారు. తొందరగా పట్టుకుని మారిస్తే చాలామందిలో కిడ్నీ తిరిగి కోలుకుంటుంది, పూర్తిగా కాకపోయినా. అబాకవిర్ మొదలైన ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు, దగ్గు కలిసి వస్తే అదే రోజు సెంటర్‌కి పరుగెత్తండి. అది పడలేదని తేలితే ఆ మందు జన్మలో మళ్లీ వేసుకోకూడదు, రెండోసారి ప్రాణం మీదికి వస్తుంది. టెనోఫోవిర్‌లోనే అలఫెనమైడ్ అనే కొత్త రకం ఉంది, కిడ్నీ మీద భారం తక్కువ, క్లియరెన్స్ 30 దాకా వాడతారు, మీకు కుదురుతుందేమో అడగండి.

మార్చే ముందు మీరు గుర్తుచేయాల్సింది ఒకటుంది: హెపటైటిస్ బీ రిపోర్టు. ఆ వైరస్ కూడా ఉన్నవాళ్లకి టెనోఫోవిర్ రెండు జబ్బులకీ పనిచేస్తూ ఉంటుంది, అది తీసేసి వేరే ఏర్పాటు చేయకపోతే లివర్ జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడొచ్చు. ఎంటికవిర్ లాంటిది జోడించాలి.

క్లియరెన్స్ 30 కి దగ్గరపడితే కిడ్నీ డాక్టర్ని తప్పక కలవాలి. అప్పటి నుంచి రాయని చేతి నరాలు కాపాడుకోండి, రక్తం తీసినా, సెలైన్ పెట్టినా ఆ ముంజేతికి వద్దనండి, రేపు డయాలసిస్‌కి ఫిస్టులా, అంటే నరాలు కలిపి చేసే దారి, పెట్టాల్సింది అక్కడే.

డయాలసిస్‌కి హెచ్ఐవీ అడ్డు కాదు. వేరే మెషిన్ ఉండాలన్న నియమం అమెరికా సీడీసీ హెపటైటిస్ బీకి పెట్టింది, హెచ్ఐవీకి పెట్టలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవలో డయాలసిస్ ఉంది, 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛను ఇస్తున్నారు. కిడ్నీ మార్పిడి కూడా హెచ్ఐవీ ఉన్నవాళ్లకి చేస్తున్నారు, దక్షిణాఫ్రికాలో 2008 నుంచి హెచ్ఐవీ ఉన్న దాతల కిడ్నీలనే హెచ్ఐవీ ఉన్నవాళ్లకి పెట్టారు.

ఎక్కడైనా హెచ్ఐవీ ఉందని డయాలసిస్ బెడ్ ఇవ్వం అంటే అది 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం నేరుగా వివక్షే, ఆ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఎవరు అన్నారో, ఏ తేదీన అన్నారో రాసుకోండి. 20 మంది, లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఆస్పత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ముందు ఆయన్ని అడగండి. లాభం లేకపోతే అంబుడ్స్‌మన్‌కి, అంటే ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అధికారికి, రాయండి, 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో వీలైతే 24 గంటల్లోనే. ఎలా రాయాలో తెలియకపోతే మీ ఏఆర్‌టీ కౌన్సిలర్‌ని అడగండి, లేదా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.